చెప్పని ఆకుపచ్చ

పెయింట్ల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను రంగులమ్మ అనేవారు. ఇంట్లో భర్త కూడా మొదట వేళాకోళానికి అని, నోటికి అలవాటై, చివరికి ఆ పేరే ఖాయం చేశాడు. ఆమె పని రంగు కలపడం. యంత్రం కలిపే మామూలు రంగులు కాదు. ఎవరైనా పాత గోడ పెచ్చు ఒకటి తెచ్చి, చొక్కా గుండీ తెచ్చి, ఒక్కోసారి ఎండుటాకు కాగితంలో చుట్టి తెచ్చి, "సరిగ్గా ఇదే కావాలి" అంటారే, ఆ రంగులు. ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉన్న గది ఆమెది. అటునుంచి ఎండ సూటిగా పడదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకటే నిదానపు వెలుతురు, గదంతా నీళ్ళలో మునిగి ఉన్నట్టు. బల్ల మీద తెల్లరంగు బకెట్టు, దాని చుట్టూ చిన్న డబ్బాల్లో నలుపు, ఎరుపు, పసుపు, నీలం ముద్దలు. ఆమె పుల్లతో కలిపేది, అట్టముక్క మీద పూసేది, ఆరేదాకా చూసేది. తడి రంగు అబద్ధమాడుతుంది. ఆరాకే దాని నిజం బయటపడుతుంది. అందుకని రోజులో సగం ఆమె పని ఊరికే కూర్చుని ఎదురుచూడటమే. చూసేవాళ్ళకు కునుకు తీస్తున్నట్టుండేది. కునుకు కాదు గానీ, దానికి మరీ దూరమూ కాదు.

ముందు వాళ్ళమ్మ సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ళు కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి ఆవిడ. గుడ్డను ఓ క్షణం చూసి, డబ్బాలోంచి దానికి సరిపోయే దారపు రీలు తడుముకోకుండా తీసేది. అరవై దాటాక కళ్ళలో ఒత్తిడి పెరిగింది. అంచుల నుంచి మసక కమ్ముకుంటూ వచ్చి, రెండేళ్ళలో చూపు పూర్తిగా పోయింది. కూతురింటికి వచ్చి ముందుగదిలో కుర్చీలో కూర్చుంది. ఏడవలేదు. ఎవరైనా వచ్చి "అయ్యో పాపం" అంటే మాత్రం ఊరుకునేది కాదు. "పోయినవి నా కళ్ళు, నోరు కాదు" అనేది.

సాయంత్రం రంగులమ్మ లోపల అడుగు పెట్టగానే అడిగేది.

"ఏం రంగు చేశావే ఇవాళ?"

"బూడిద రంగమ్మా," అంది రంగులమ్మ మొదటిరోజు, చెప్పులు విప్పుతూ.

"ఏ బూడిద? బూడిద రంగులు వంద ఉంటాయి."

"లేత బూడిద."

"లేతవి యాభై ఉంటాయి."

రంగులమ్మ చెప్పు చేత్తో పట్టుకునే ఆగిపోయింది. పొద్దున ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర చూసింది గుర్తొచ్చింది. "వాన వెలిశాక సిమెంటు మెట్లు పైనుంచి ఆరుతూ వస్తాయి చూడు. మూడో మెట్టు ఆరిపోయింది, నాలుగోది ఇంకా తడిగానే ఉంది. ఆ రెంటికీ మధ్య."

తల్లి తల కాస్త పక్కకు వంచింది. మూసి ఉన్న రెప్పలు ఒకసారి కదిలాయి. "ఆఁ," అంది. "కనబడింది."

అలా మొదలైంది. మూడేళ్ళు నడిచింది. ఆవిడ ఊరికే తలూపే మనిషి కాదు. "పాలలా తెల్లగా ఉందమ్మా" అంటే, "పాలు తెల్లగా ఉంటాయని నీకెవరు చెప్పారే? గిన్నె అంచున ఎప్పుడైనా చూశావా? నీలం తిరుగుతాయి. చూడకుండా చెప్పకు" అని కసిరేది. ఎక్కడో విన్న పోలిక తెస్తే, "అది నీది కాదు, ఎవరిదో, తిరిగిచ్చెయ్యి" అనేది. రంగులమ్మకు ఉక్రోషం వచ్చేది. పగలంతా రంగు కలిపి చేతులు పడిపోయి వస్తే ఇంట్లో ఈ పరీక్ష ఏమిటని గొణుక్కునేది. కానీ మర్నాడు కిటికీ దగ్గర అట్టముక్క ఆరుతుంటే, ఆమె మనసు అప్పుడే సాయంత్రానికి మాటలు ఏరుకుంటూ ఉండేది. బస్సులో ఏరుకునేది. కూరల దుకాణం ముందు నిలబడి వంకాయ తొడిమె దగ్గర రంగు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూస్తూ, దుకాణదారు "తీసుకుంటారా, మాట్లాడుకుంటారా?" అనేదాకా అక్కడే ఉండేది.

ఒక చలికాలపు మధ్యాహ్నం తల్లి కుర్చీలోనే నిద్రపోయి, ఇక లేవలేదు.

అన్నీ అయిపోయి, బంధువులు వెళ్ళిపోయాక, రంగులమ్మ తిరిగి పనిలోకి వెళ్ళింది. ఆరోజు ఒక ఆసుపత్రి పిల్లల వార్డుకు ఆకుపచ్చ కలిపింది. నాలుగుసార్లు పారబోసి, ఐదోసారికి కుదిరింది. సాయంత్రం ఇంటికొచ్చి, లోపల అడుగు పెట్టి, చెప్పడానికి నోరు తెరిచింది. కుర్చీ ఖాళీగా ఉంది. పొద్దుటి నుంచీ కూర్చుకున్న మాట నోటిదాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది, దిగాల్సిన స్టాపులో తలుపు తెరుచుకోని బస్సులో మనిషిలా.

ఆ మాట రెండు రోజులు ఆమెను అన్నం తిననివ్వలేదు. మూడోరోజు భోజనాల వేళ, సగం పేజీలు ఖాళీగా మిగిలిన పాత రిజిస్టరు ఒకటి తీసి, వెనకవైపు నుంచి తెరిచి రాసింది.

*ఆరోజు చేసిన ఆకుపచ్చ*
*ఎవరికీ చెప్పలేదు.*
*డబ్బా మూత బిగించాను.*
*లోపల, చీకట్లో,*
*అది ఇంకా పచ్చగానే*
*ఉందో లేదో.*

చదువుకుంది. దాన్ని ఏమంటారో ఆమె ఆలోచించలేదు. ఆకలి వేసింది. అన్నం డబ్బా విప్పి కడుపునిండా తింది.

అప్పటినుంచి దాదాపు రోజూ రాసేది. కొన్ని రోజులు రెండు లైన్లు, కొన్ని రోజులు పేజీ. రాసింది వాళ్ళమ్మలా తనే వినేది. అబద్ధం అనిపిస్తే కొట్టేసేది. ఒక్కోసారి ఒక్క మాట కోసం వారం తిరిగేది, ఆ వారమంతా వీధి, మెట్లు, ఆకాశం, బస్సులో ముందు సీటు మనిషి మెడ మీద ముడత, అన్నీ చేతికందేంత దగ్గరగా ఉండేవి. వయసు నలభై ఏడు. చిన్నప్పుడు జ్వరం తగ్గిన మర్నాడు లోకం ఎంత కొత్తగా కనబడేదో, ఇప్పుడు రోజూ అలాగే కనబడుతోంది. ఇది ఎవరికైనా చెప్పాలని తోచలేదు. భర్తకూ చెప్పలేదు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం గానీ, భార్య చేతిలో రిజిస్టరు చూసి ఫ్యాక్టరీ పని ఇంటికి తెచ్చుకుంటోంది కాబోలు అనుకున్నాడు.

ఫ్యాక్టరీ పెద్దాయన విశ్రాంతి తీసుకుని బాధ్యతంతా అల్లుడికి అప్పగించాడు. పనివాళ్ళు అతన్ని అల్లుడుసారు అనేవారు. చెడ్డవాడు కాదు. ఉత్సాహం ఎక్కువ, మెట్లు రెండేసి ఎక్కేవాడు. ఒకరోజు భోజనాల వేళ ఏదో నమూనా కోసం వచ్చి, కిటికీ దగ్గర ఆమె రాసుకోవడం చూశాడు.

"ఏంటమ్మా రాస్తున్నారు?"

రంగులమ్మ రిజిస్టరు మూయబోయింది. ఎందుకో మూయలేదు. "ఏం లేదు సార్. రంగుల గురించి."

అతను అక్కడే నిలబడి ఒక పేజీ చదివాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని పది పేజీలు చదివాడు. చదువుతూ ఒకచోట "అబ్బ" అన్నాడు, చాలా మెల్లగా, తనకే వినబడనట్టు. ఆ ఒక్క "అబ్బ" ఆమెను పడగొట్టింది. అమ్మ పోయాక ఇంకో మనిషి నోట అలాంటి చప్పుడు విని ఏడాదిన్నర అయింది.

"ఇవి మన షేడ్ కార్డుకి పేర్లుగా పెడదాం," అన్నాడు. "అందరూ 'ఐవరీ' అంటారు, 'స్కై బ్లూ' అంటారు. మనకి ఇవి ఉంటే ఇంకేం కావాలమ్మా? మీకు ఇష్టమేనా?"

"ఇష్టమే సార్," అంది. నిజంగానే ఇష్టమైంది.

రెండు నెలల్లో కార్డు అచ్చయింది. నిగనిగలాడే మడతల కాగితం, ఇరవై నాలుగు రంగుల చతురస్రాలు, ఒక్కోదాని కింద సన్నటి అక్షరాల్లో పేరు. మూడో మెట్టు. గిన్నె అంచు. చెప్పని ఆకుపచ్చ. వంకాయ తొడిమె. నాన్న చొక్కా. భర్త దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇంట్లో కవిగారు ఉన్నారని ఊరందరికీ తెలిశాక నాకు తెలుస్తోందన్నమాట," అన్నాడు.

"కవీ లేదు, గివీ లేదు. ఊరుకోండి."

ఊరుకోలేదు. పది కార్డులు అడిగి తెచ్చుకుని, తను చూసే లిఫ్టులన్నిట్లో అద్దం పక్కన అంటించాడు. పైకి వెళ్ళేవాళ్ళు ఊసుపోక చదువుకుంటారని. ఒకావిడ "వంకాయ తొడిమె" చదివి నవ్వి తన అంతస్తు దాటిపోయిందట. అది ఆయన పదిమందికి చెప్పాడు.

రంగులమ్మకూ గర్వంగానే ఉంది. కానీ కార్డు చూసినప్పుడల్లా ఏదో వెలితి. నాన్న చొక్కా అన్న పేరు కింద లేత నీలం చతురస్రం ఉంది. ఆమె రాసింది ఇది:

*ఆరేసిన నాన్న చొక్కా*
*తిరగేస్తే*
*లోపలివైపు ఇంకా కొత్తదే.*
*ఎండ చూడని ఆ నీలంలో*
*ఆయన ఎవరికీ చూపించని నవ్వు*
*ఒకటి మిగిలి ఉంది.*

ఇందులో రెండు మాటలే కార్డు మీదికి వెళ్ళాయి. మిగతావి ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు, రిజిస్టరులోనే ఉన్నాయి. అయినా తలుపు బయట ఉండిపోయినట్టనిపించేది.

కార్డు బాగా నచ్చింది జనానికి. వానాకాలం అయ్యాక ఇంకో ఇరవై నాలుగు పేర్లు కావాలన్నాడు అల్లుడుసారు. సరేనంది. రిజిస్టరు తెరిచి కూర్చుంది.

అప్పుడు తెలిసింది ఏమైందో. ఏదైనా చూడగానే రెండు మాటలు వచ్చి కూర్చునేవి. మూడో మాటను రానిచ్చేవి కావు. కిటికీ గాజు మీద దుమ్ము చూస్తే "కిటికీ దుమ్ము". బస్సు రాడ్డు చూస్తే "అరిగిన ఇత్తడి". అన్నీ కత్తిరించి సిద్ధంగా వచ్చేవి, కార్డుకు సరిపడా. వాటిని పట్టుకుని ముందుకు పోదామంటే అవతల ఏమీ ఉండేది కాదు. నెలరోజులు అలా గడిచింది. ఇరవై నాలుగు కాదు గదా, నాలుగు కూడా కుదరలేదు. పేర్లు కుదరకపోవడం సరే, తనకోసం రాసుకునేవి కూడా ఆగిపోయాయి. రిజిస్టరు సంచిలో పెట్టుకుని వెళ్ళేది, సంచిలోనే తెచ్చేది.

ఒక సాయంత్రం భర్త గుడ్డతో చేతులకు అంటిన గ్రీజు తుడుచుకుంటూ అన్నాడు. "వీధి చివర ఇల్లు పడగొట్టేశారు కదా, ఆ సందులోంచి ఇప్పుడు గాలి భలే వస్తోంది."

"ఏ ఇల్లు?"

"అదే, రెండంతస్తులది. నాలుగు రోజులైంది. నువ్వు రోజూ దాని ముందునించే కదా వస్తావు?"

రంగులమ్మ లెక్కపెట్టుకుంది. రోజుకు రెండుసార్లు. నాలుగు రోజులు. ఎనిమిదిసార్లు ఆ ఇంటి ముందు నుంచి నడిచింది. ఒక ఇల్లు లేకుండా పోయిందని ఆమె కళ్ళకు తెలియలేదు. కుర్చీలో కూర్చుని, తన చేతులు చూసుకుంది. ఈ నెలలో ఒక్కరోజైనా ఏమైనా గుర్తుందా అని వెతుక్కుంది. ఏమీ దొరకలేదు. రోజులన్నీ ఒకదాని మీద ఒకటి పూసిన తెల్లరంగులా ఉన్నాయి. భయమేసింది. చూపు పోవడం అంటే వాళ్ళమ్మకు పోయినట్టే పోనక్కర్లేదని అప్పుడు తెలిసింది ఆమెకు.

అదే వారంలో ఒక ఫిర్యాదు వచ్చింది. ఎవరో లెక్కల టీచరు, తన గదికి నాన్న చొక్కా రంగు వేయించుకుందట. రంగు తప్పంటోంది. పెయింటరు వెళ్ళి చూసి అంతా సరిగ్గానే ఉందన్నాడు. ఇక్కడ యంత్రం కూడా సరిగ్గానే ఉందంది. అయినా టీచరు వినలేదు. మర్యాదగానే మాట్లాడుతోంది, కానీ రోజూ ఫోను చేస్తోంది.

"మీరొకసారి వెళ్ళి చూడండమ్మా," అన్నాడు అల్లుడుసారు. "మీరు కలిపిన రంగేగా. మీ మాట వింటుందేమో."

రంగులమ్మ మధ్యాహ్నం రెండింటికి వెళ్ళింది. మూడో అంతస్తు. తలుపు తీసిన ఆవిడకు నలభై ఉంటాయి. జుట్టు బిగించి ముడి వేసుకుంది, వేళ్ళకు సుద్దపొడి ఇంకా ఉంది. స్కూలు నుంచి అప్పుడే వచ్చినట్టుంది. మాట్లాడకుండా లోపలి గదికి తీసుకెళ్ళింది.

గదిలో ఒక మంచం, పరుపు లేదు. బల్ల, కుర్చీ. నాలుగు గోడలూ లేత నీలం. కిటికీలోంచి పడ్డ వెలుతురు ఆ నీలంలో తేలుతూ, కొద్దికొద్దిగా కదులుతోంది. రంగులమ్మ గోడ దగ్గరకు వెళ్ళి చూసింది, కిటికీ పక్కన చూసింది, లైటు వేసి చూసింది. ఎక్కడా చుక్క తేడా లేదు.

"రంగు సరిగ్గానే ఉంది టీచరుగారూ."

"లేదండి," అంది టీచరు. "మా నాన్న చొక్కా ఇది కాదు."

రంగులమ్మ తిరిగి చూసింది. ఆవిడ వెక్కిరించడం లేదు.

"కార్డు మీద చూడలేదా అండీ, నీలం అని?"

"చూశాను. పేరు చూశాక మరి రంగు చూడలేదు." టీచరు మంచం అంచున కూర్చుంది. "నాకు తెలుసండీ, తప్పు నాదే. పిల్లలు ఇలాంటి జవాబు రాస్తే సున్నా వేస్తాను. కానీ రోజూ ఈ గదిలోకి వచ్చి చూస్తున్నాను. ఇది ఎవరి నాన్నో. మా నాన్న కాదు. మా నాన్న ఈ గదిలోనే ఉండేవాడు."

రంగులమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏం చెప్పాలో తోచక, రిజిస్టరు కూడా తీయకుండా, ఆ ఆరు లైన్లూ చెప్పింది. నోటితో పైకి చెప్పడం అమ్మ పోయాక అదే మొదటిసారి. చెబుతుంటే తండ్రి చొక్కా, తీగ మీద తడి బరువుకు వంగి, ఎండవాసనతో కళ్ళముందు ఊగింది. 

టీచరు విన్నది. "మీ నాన్నగారు నవ్వేవారు కాదా?"

"బయటికి కాదు."

"మా నాన్న అలా కాదు. ఆయన నవ్వితే కింద అంతస్తు వాళ్ళకి వినబడేది."

"మీ నాన్నగారి చొక్కా ఏ రంగు?"

"గోధుమ రంగు."

"ఏ గోధుమ?"

"అంటే... గోధుమ రంగే. కాస్త లేతగా."

"అది పేరండీ. రంగు చెప్పండి," అంది రంగులమ్మ.

 టీచరు బోర్డు ముందు నిలబడ్డ పిల్లలా కిటికీ వైపు చూసింది. కాసేపటికి మెల్లగా మొదలుపెట్టింది. "ఆయనకి బేకరీలో పని. పిండి కలిపే పని. చొక్కా గోధుమ రంగే గానీ, ఇంటికొచ్చేసరికి అలా ఉండేది కాదు. గుమ్మంలో నిలబడి దులుపుకునేవాడు. దులిపినా పోయేది కాదు. పైన సన్నగా తెల్లటి పొర... మంచు కాదు, అంత తెలుపు కాదు. రొట్టె వేడిగా తీశాక పైన పిండి చల్లి ఉంటుంది చూడండి, వేడికి అది కాస్త రంగు మారుతుంది. అలా. జేబు దగ్గర మాత్రం ఇంకా ఎక్కువ." ఆగింది. "జేబు దగ్గర ఎందుకంటే, చెయ్యి కడుక్కోకుండానే కళ్ళజోడు తీసేవాడు. నా హోంవర్కు చూడటానికి. ఆయన మూడో తరగతి దాకానే చదివాడు. ఏడో తరగతి లెక్కలు ఆయనకేం తెలుస్తాయి? అయినా చూసేవాడు. వేలితో ఒక్కో అంకె మీద ఆగుతూ వెళ్ళేవాడు. పేజీ మీద పిండి చుక్కలు పడేవి, సున్నాల పక్కన సున్నాల్లాగా. 'ఇక్కడ సున్నా నువ్వు పెట్టిందా, నేను పెట్టిందా?' అని అడిగేవాడు, అడిగి తనే నవ్వేవాడు..."

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.  ఎండ కిటికీ గట్టు దిగి నేల మీదికి జారింది, నీలం గోడలు కొంచెం మసకబారి, లోతుగా అయ్యాయి.

"ఇది నాకు గుర్తుందని నాకే తెలియదు," అంది టీచరు. "ఆ సున్నాల సంగతి. ముప్పై ఏళ్ళు దాని మీద కూర్చునే ఉన్నానా?"

"రాసుకోండి మరి. పోతుంది."

"నాకు కవిత్వం రాదండీ. లెక్కలు వచ్చు."

"నాకూ రాదు టీచరుగారూ. మా అమ్మకి కళ్ళు కనబడేవి కావు, అంతే."

టీచరు అర్థం కానట్టు చూసింది. రంగులమ్మ అంతా చెప్పింది. కుర్చీ గురించీ, మెట్ల గురించీ, పాల గురించీ. చెప్పడానికి గంట పట్టింది. లేచేసరికి టీచరు ఒక లెక్కల నోట్సు బల్ల మీద పెట్టి, అందులో ఖాళీ పేజీ కోసం వెతుకుతోంది. రంగులమ్మ తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

బస్సు దిగి వీధి చివరికి వచ్చి ఆగింది. ఇల్లు ఉన్నచోట ఇటుకలు, దుమ్ము, వాటి పైన విశాలంగా సాయంత్రపు ఆకాశం. పక్కింటి గోడకు అతుక్కుని, పైన, పోయిన ఇంటి రంగులు మిగిలి ఉన్నాయి. ఒక చతురస్రం గులాబి, దాని కింద ఒక చతురస్రం పసుపు. గులాబి మీద మేకు ఒకటి, మేకు కింద ఏదో పటం వేలాడిన చోటు ఇంకా ముదురుగా. ఆమె అక్కడే పిట్టగోడ మీద కూర్చుంది. దారినపోయే వాళ్ళు చూశారు. చూడనీ అనుకుంది.

*ఇల్లు పోయింది.*
*గాలిలో, పక్కింటిని పట్టుకుని,*
*ఒక గులాబి గది ఉండిపోయింది.*
*మేకు అలాగే ఉంది.*
*పటం సరిచేయాలంటే*
*ఇప్పుడు పిట్ట కావాలి.*

"పిట్ట కావాలి" దగ్గర ఆగి, పిట్ట అబద్ధమేమోనని ఆలోచించింది. ఉండనిచ్చింది. ముప్పైనాలుగు రోజుల తర్వాత మూడో మాట వచ్చింది, దాని వెనక మిగతావి వచ్చాయి. ఒంట్లోకి నెత్తురు తిరిగి వచ్చినట్టు వేళ్ళు వెచ్చబడ్డాయి.

టీచరు గది రంగు కలపడానికి తొమ్మిది రోజులు పట్టింది. నమూనా ఏదీ లేదు, ఆవిడ మాటలే నమూనా. గోధుమ సులువుగానే వచ్చింది, ఆ పైన పిండి పొరే రాలేదు. తెలుపు వేస్తే చప్పబడిపోయేది. చివరికి చుక్క పసుపు, పుల్లకు అంటిన పాటి ఎరుపు వేశాక వేడి వచ్చింది. అట్టముక్క తీసుకెళ్ళి చూపిస్తే టీచరు దాన్ని గోడకు ఆనించి, అరచేయి దానిమీద పెట్టి చాలాసేపు నిలబడింది. "ఇదే" అనలేదు. "దులుపుకున్నాక," అంది. డబ్బా మీద రంగు పేరు రాసే చోట రంగులమ్మ ఏమీ రాయలేదు, గది కొలతలు మాత్రం రాసి పంపింది.

అల్లుడుసారుకు ఆ మర్నాడే చెప్పింది.

"పేర్లు నావల్ల కావడం లేదు సార్. ఇక అడగొద్దు."

"ఏమైందమ్మా? ఎవరైనా ఏమన్నా అన్నారా? కావాలంటే కార్డు మీద మీ పేరు వేయిద్దాం."

"అదేం కాదు సార్. మీరు బాగానే చేశారు. కానీ కార్డు కోసం చూస్తే నాకు కనబడటం లేదు." ఇంకా ఏదో చెప్పాలని చూసి, చెప్పలేక, "రాసుకుంటేనే నాకు రోజు దక్కుతుంది సార్. లేకపోతే వచ్చిన దారినే పోతోంది," అంది.

అతను గడ్డం గోక్కున్నాడు. పూర్తిగా అర్థమైందని చెప్పలేం. బలవంతం మాత్రం చేయలేదు. పేర్లు ఇంకెవరిచేతో పెట్టించాడు. ఆ కార్డు కూడా జనానికి బాగానే నచ్చింది, దానికి ఆమె ఏమీ అనుకోలేదు.

ఆ రిజిస్టరు నిండింది. ఇంకోటి నిండింది. ఇప్పుడు మూడోది నడుస్తోంది. అచ్చు వేయించమని ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఎవరినీ అడగలేదు. ఒకటి రెండు భర్తకు చదివి వినిపించింది. ఆయన శ్రద్ధగా విన్నాడు, రెండుసార్లూ విని, "లిఫ్టు మధ్యలో ఆగిపోయినట్టుంది," అన్నాడు. ఒకదాని గురించి అది మెచ్చుకోలని, ఇంకోదాని గురించి కాదని ఆమెకు అర్థమైంది. కొన్నిటిలో తప్పులున్నాయి, చాలా కొట్టివేతలున్నాయి. కొన్ని ఆమెకే నచ్చవు. కానీ ఏ పేజీ తెరిచినా, ఆ రోజు అక్కడ ఉంటుంది, తడి ఆరిపోయి, తన అసలు రంగులో.

నిన్న సాయంత్రం వాన పడేలా ఉంది. ఆమె వరండాలో కూర్చుని, ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పటి గాలికి ఉబ్బి, మళ్ళీ సన్నబడటం చూస్తూ రాసుకుంటోంది. లోపల భర్త టీ పెట్టి రెండు కప్పుల్లో పోశాడు.

"చల్లారిపోతుంది," అని కేకేశాడు.

"వస్తున్నా."

మరి కాసేపటికి మళ్ళీ పిలిచాడు. "వస్తున్నానన్నావుగా?"

"వస్తున్నానండీ," అంది రంగులమ్మ, ఒక మాట కొట్టేసి, దాని పక్కన ఇంకో మాట రాస్తూ.